రంగు చెప్పనిది నోరు చెబుతుంది

ఆక్వేరియం దుకాణాల్లో ‘ఆరాటస్’ అనే పేరుతో అమ్మే చిన్న చేప ఒకటి ఉంది. బంగారు పసుపు ఒళ్లు, దాని మీద తల నుంచి తోక దాకా సాగే నల్లని చారలు. అరడజను కొని తెచ్చుకుంటే ఆరూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. కొన్ని నెలలు గడిచాక వాటిలో ఒకటి నల్లబడటం మొదలవుతుంది. పసుపు ఉన్న చోటికి నలుపు, నలుపు ఉన్న చోటికి లేత నీలం వచ్చి చేరతాయి. రోజులు గడిచేకొద్దీ అది ఇంకో జాతి చేపలా తయారవుతుంది. పెంచేవాళ్లలో కొందరు జబ్బు చేసిందనుకుంటారు, కొందరు ఆడది మగదైపోయిందనుకుంటారు. నిజానికి అది పుట్టుకతోనే మగది. ఇన్నాళ్లూ ఆడదాని వేషంలో తిరిగి, ఆ గాజుతొట్టిలో పెత్తనం చేతికొచ్చాక తన రంగు బయటపెట్టింది. మిగిలిన అయిదింట్లో ఇంకో రెండు మగవి ఉండొచ్చు. పెత్తనం దొరకనంత కాలం అవి పసుపులోనే ఉండిపోతాయి. వాటిని చూసి ‘ఒకటి మగది, అయిదు ఆడవి’ అని లెక్క కట్టుకోవడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ఇవి సిక్లిడ్ కుటుంబపు చేపలు. ఆఫ్రికాలో మలావీ, టాంగన్యీకా, విక్టోరియా అనే మూడు మహా సరస్సులు వీటికి పెట్టింది పేరు. ఒక్క మలావీ సరస్సులోనే ఎనిమిది వందలకు పైగా జాతులు ఉంటాయని అంచనా. ప్రపంచంలో మరే సరస్సులోనూ ఇన్ని చేపజాతులు లేవు. అక్కడి రాళ్ల మధ్య బతికేవాటిని ఒడ్డున ఉండే టోంగా ప్రజలు ‘ఎంబునా’ అంటారు. ఆక్వేరియం పెంపకందార్లు కూడా ఆ మాటనే వాడుకుంటున్నారు. ఎలక్ట్రిక్ ఎల్లో, ఆరాటస్, జీబ్రా లాంటివన్నీ ఎంబునాలే. వీటిని పెంచడంలో ఆడామగా తేడా తెలియడం ఉబుసుపోక సంగతి కాదు. ఒక తొట్టిలో రెండు మూడు మగవి పడితే బలహీనమైనదాన్ని మిగతావి చంపేదాకా వదలవు. ఒక మగదానికి ఒకటే ఆడది ఉంటే వెంటపడి వేధించి దాన్నీ చంపేస్తుంది. అందుకే ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండాలన్నది అనుభవజ్ఞుల లెక్క. ఆ లెక్క కుదరాలంటే ముందు ఏది ఏదో తెలియాలి. దుకాణాల్లో అందుకు చెప్పే గుర్తులు మూడున్నాయి: రంగు మెరిస్తే మగది, కింది రెక్క మీద గుడ్ల లాంటి మచ్చలుంటే మగది, రెక్కల కొసలు సాగి మొనదేలి ఉంటే మగది. మూడూ పూర్తిగా అబద్ధాలు కావు, కాబట్టే ఇంతకాలం నిలిచాయి. కానీ మూడూ మనం అడిగిన ప్రశ్నకు కాక ఇంకో ప్రశ్నకు జవాబు చెబుతున్నాయి.

ఆ ఇంకో ప్రశ్న ఏమిటో బర్టోనీ అనే చేప చూపించింది. టాంగన్యీకా సరస్సు ఒడ్డు మడుగుల్లో బతికే ఈ సిక్లిడ్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రసెల్ ఫెర్నాల్డ్ బృందం దశాబ్దాల పాటు పని చేసింది. ఇందులో మగవి రెండు రకాలుగా బతుకుతాయి. సొంత చోటు సంపాదించుకున్నవి పసుపు లేదా నీలం రంగుతో, కంటి మీదుగా దిగే నల్లని గీతతో వెలిగిపోతాయి. చోటు లేనివి బూడిదరంగులో ఆడవాటి గుంపులో కలిసి తిరుగుతాయి. 2005లో ఈ బృందం ఒక ప్రయోగం చేసింది. చీకట్లో, చేపలకు తెలియకుండా పెత్తందారు మగచేపను తీసేసి, పొద్దున దీపాలు వెలిగించి చూశారు. అణిగి ఉన్న మగచేప ఖాళీని గమనించి, నిమిషాల్లోనే రంగు తెచ్చుకుని చోటును ఆక్రమించింది. ఆ కొద్దిసేపట్లోనే దాని మెదడులో పునరుత్పత్తిని నడిపే కణాల్లో కొత్త జన్యుచర్య మొదలైంది. తర్వాతి రోజుల్లో ఆ కణాలు, వృషణాలు పెద్దవవుతాయి. మళ్లీ ఓడిపోతే అన్నీ వెనక్కి తగ్గుతాయి. అంటే ఆ రంగు చెప్పేది హోదాను. ‘నాకు చోటుంది, దాన్ని కాచుకోగలను’ అనే ప్రకటన అది. రంగు లేని చేప ఆడదైనా కావచ్చు, చోటు దొరకని మగదైనా కావచ్చు. మెరిసే రంగు చూసి మగది అనడం చాలాసార్లు ఒప్పవుతుంది. వెలిసిన రంగు చూసి ఆడది అనడం మాత్రం ఊహ మాత్రమే.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. చేపలు తమ జోడీని రంగు చూసే ఎంచుకుంటాయి కదా, వాటికి పనికొచ్చిన గుర్తు మనకెందుకు పనికిరాదు? విక్టోరియా సరస్సులో ఓలె జేహౌజెన్ చేసిన పరిశోధన ఈ మాటకు ఊతమిస్తుంది కూడా. టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే పేరు పెట్టిన ఒక సిక్లిడ్ ఉంది, మగది ఎర్రగా ఉంటుంది. దాని దగ్గరి చుట్టంలో మగది నీలం. రంగులు తెలియని ఒకేరకపు వెలుతురులో పెట్టినప్పుడు ఆడచేపలు తమ జాతి మగవాటిని ప్రత్యేకించి ఎంచుకోలేకపోయాయి. సరస్సు నీరు మురికితో మసకబారిన చోట్ల జాతుల మధ్య హద్దులే చెరిగిపోతున్నాయని 1997లో ఆయన బృందం చూపింది. రంగుకు అంత బలం ఉన్న మాట వాస్తవం. అయితే ఆడచేప ఆ రంగులో వెతుకుతున్నది ఏమిటో చూడాలి. గుడ్లు పెట్టేందుకు చోటున్న, తన జాతికే చెందిన మగచేప దానికి కావాలి. అణిగి ఉన్న మగది దాని దృష్టిలో లెక్కలోకే రాదు. మన ప్రశ్న వేరు. దాక్కున్న మగవి ఎన్ని ఉన్నాయన్నదే మనకు తెలియాలి. మగది పెట్టుకున్న ప్రకటనలో, ప్రకటించుకోని మగవాటి జాడ ఎలా దొరుకుతుంది?

గుడ్డు మచ్చల కథ ఇంకా చిక్కనిది. చాలా మలావీ మగచేపలకు మలద్వారం వెనకున్న కింది రెక్క మీద పసుపు లేదా నారింజ రంగులో గుండ్రని మచ్చలుంటాయి. 1962లో జర్మన్ శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ విక్లర్ వీటిని నకిలీ గుడ్లన్నారు. ఆడచేప గుడ్లు పెట్టగానే వెనక్కి తిరిగి వాటిని నోట్లోకి తీసుకుంటుంది. మగది రెక్క పరిచి వణుకుతుంది. మచ్చలను మిగిలిపోయిన గుడ్లనుకుని ఆడచేప అక్కడ నోరు పెడుతుంది, వీర్యం నోట్లోకి చేరి గుడ్లు ఫలిస్తాయి. వినడానికి ఎంతో చక్కగా ఉన్న ఈ వివరణ పుస్తకాలన్నింట్లోకీ ఎక్కింది. తర్వాతి పరిశోధన మాత్రం దాన్ని కొంత సడలించింది. 1989లో ఎవా హెర్ట్ ఒక జాతి మగచేపల మచ్చలను చెరిపేసి చూస్తే, ఆడచేపలు మచ్చలున్నవాటి వైపే మొగ్గాయి గానీ, మచ్చలు లేనివాటి దగ్గర పెట్టిన గుడ్లు కూడా ఫలించాయి. 2012లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బర్టోనీ చేపల్లో ఈ మచ్చలు ఆడదాన్ని ఆకర్షించడం కన్నా తోటి మగవాటిని బెదిరించడానికి ఎక్కువ పనికొస్తున్నట్టు చూశారు. మచ్చల పని జాతిని బట్టి మారుతోందన్నమాట. పెంపకందారుకు అంతకన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. చాలా జాతుల్లో ఆడవాటికీ ఈ మచ్చలుంటాయి, కాకపోతే కాస్త చిన్నవిగా, మసకగా. ఎలక్ట్రిక్ ఎల్లోలో మచ్చలు చూసి తేల్చబోతే గుడ్లతో నిండిన ఆడచేప కూడా మగదిగా లెక్కలోకి వెళ్లిపోతుంది.

ఆ ఎలక్ట్రిక్ ఎల్లోలో ఆడామగా రెండూ పసుపే. టాంగన్యీకాకు చెందిన ట్రోఫియస్ చేపల్లోనూ రెంటికీ ఒకే రంగు. లొంబార్డోయ్ అనే జాతిలో రూలు తిరగబడుతుంది: ఆడది, పిల్లలు నల్లని పట్టీలతో నీలంగా ఉంటే, ఎదిగిన మగది పసుపు. రంగు పేలవంగా ఉంటే ఆడదనుకునే మనిషి ఇక్కడ మిలమిలలాడే నీలం చేపను మగదనుకుని ఇంటికి తెస్తాడు. ఇంకా లోతుకు వెళితే లింగమే ఈ చేపల్లో ఒక్క మీటతో పనిచేసే వ్యవహారం కాదని తెలుస్తుంది. మనుషుల్లోలా ఎక్స్-వై పద్ధతి కొన్నింటిలో ఉంది. పక్షుల్లోలా ఆడదానికి డబ్ల్యు అనే ప్రత్యేక క్రోమోజోము ఉండే పద్ధతీ ఉంది. మలావీలో కొన్ని జాతుల్లో రెండూ కలిసే నడుస్తున్నాయి, రెంటి మధ్య పోటీ వస్తే డబ్ల్యుదే పైచేయి. 2009లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ కోచర్ బృందం దీనికి ఒక కారణం చూపింది. కొన్ని ఎంబునా ఆడచేపలకు నారింజ ఒంటి మీద నల్లని పెచ్చుల్లాంటి మచ్చలుంటాయి. రాళ్ల మధ్య దాక్కోవడానికి ఆడదానికి ఆ రంగు మేలు. మగదానికి అదే రంగు వస్తే తన జాతి నీలపు ప్రకటన చెదిరిపోతుంది. ఆ రంగు జన్యువు, ఆడది కావడాన్ని నిర్ణయించే జన్యువు క్రోమోజోము మీద పక్కపక్కనే చేరి కలిసి సంక్రమించడంతో ఆ తగాదా తీరిందని వారి వాదన. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో రంగు నేరుగా లింగంతో ముడిపడిన అరుదైన చోటు ఇదే. ఇక్కడా ఆ మచ్చలున్న మగవి అప్పుడప్పుడు పుడుతూనే ఉంటాయి.

మరి చేపను చేతిలోకి తీసుకుని అడుగుభాగం చూస్తే తేలదా అంటే, తేలుతుంది. దీన్ని తక్కువ చేసి మాట్లాడటం సరికాదు. తడిచేత్తో చేపను వెల్లకిలా తిప్పితే రెండు రంధ్రాలు కనిపిస్తాయి, తలవైపున్నది మలద్వారం, తోకవైపున్నది జననరంధ్రం. మగదాంట్లో రెండూ దాదాపు ఒకే పరిమాణంలో ఉంటాయి, ఒక్కోసారి రెండోది ఇంకా చిన్నది. ఆడదాంట్లో గుడ్లు బయటికి రావాలి కాబట్టి రెండోది వెడల్పుగా ఉంటుంది. అన్ని బాహ్య గుర్తుల్లోకీ ఇదొక్కటే శరీర నిర్మాణం మీద ఆధారపడింది, హోదా మీద కాదు. కానీ రెండు మూడు అంగుళాలు దాటని పిల్ల చేపల్లో ఆ తేడా కంటికి ఆనదు. దుకాణాల్లో అమ్మేవి ఎక్కువగా ఆ వయసువే. పక్కన అదే జాతి, అదే సైజు చేప ఒకటి పోల్చడానికి లేకపోతే చెయ్యి తిరిగినవాళ్లు కూడా తడబడతారు. పైగా చేప గాలిలో గిలగిల కొట్టుకుంటుంటే ఆ పరీక్ష తొందరగా ముగించక తప్పదు.

ఇక మిగిలింది నోరు. మలావీ సిక్లిడ్లలో దాదాపు అన్నింటిలోనూ గుడ్లను ఆడచేప తన నోట్లోనే పొదుగుతుంది. పెట్టిన కొద్ది క్షణాల్లోనే గుడ్లను నోట్లోకి తీసుకుంటుంది, ఎంబునాల్లో సాధారణంగా పదిహేను నుంచి నలభై దాకా ఉంటాయి. నీటి వేడి 26, 27 డిగ్రీలుంటే మూడు వారాల పాటు అవి ఆ నోట్లోనే ఉంటాయి, పిగిలి, సొన కరిగించుకుని, ఈదగల పిల్లలయ్యేదాకా. గొంతు కింది చర్మం సంచిలా కిందికి దిగుతుంది, నోరు పూర్తిగా మూతపడదు, దవడ నెమ్మదిగా నములుతున్నట్టు కదులుతూ ఉంటుంది. అది నమలడం కాదు. గుడ్లన్నింటికీ మంచినీరు తగిలేలా, ఒకదానికొకటి అంటుకుని బూజు పట్టకుండా, తల్లి వాటిని దొర్లిస్తోంది. మేత వేస్తే మిగతావి ఎగబడతాయి, ఇది మాత్రం మూల పట్టుకుని కదలదు. చివరి రోజుల్లో పొట్ట లోపలికి పోయి, తల పెద్దదిగా, ఒళ్లు సన్నగా కనిపిస్తుంది. మేతకు రాకపోవడం, గొంతు ఉబ్బడం, దవడ కదలిక, ఈ మూడూ ఒకే చేపలో కొన్ని రోజుల పాటు కనిపిస్తే సందేహానికి తావుండదు. ఒకటే కనిపిస్తే తొందరపడకూడదు. ఇసుక జల్లించే చేప నోరూ నిండుగానే ఉంటుంది, జబ్బు చేసిన చేపా మేతకు రాదు. ఇంకో సంగతి: గుడ్లు నోట్లో ఉన్నంత మాత్రాన తొట్టిలో మగది ఉందని అర్థం కాదు. మగది లేకుండా ఆడవే కలిసి గుడ్లు పెట్టి, ఫలించని ఆ గుడ్లను కొన్నాళ్లు పొదిగి వదిలేయడం తెలిసిన విషయమే. నిండిన నోరు ఆ ఒక్క చేప గురించే సాక్ష్యం చెబుతుంది, దాని పక్కనున్నదాని గురించి కాదు.

తండ్రులు కూడా నోట్లో పొదిగే సిక్లిడ్లు ఉన్నాయి కదా అన్నది తర్వాతి ప్రశ్న. ఉన్నాయి. పశ్చిమాఫ్రికా తీరపు నల్లగడ్డం తిలాపియాలో పొదిగేది తండ్రే. టాంగన్యీకాలో ఎరెట్మోడస్, జెనోటిలాపియా జాతుల్లో కొన్నింట మొదట తల్లి పొదిగి, కొన్ని రోజుల తర్వాత పిల్లలను తండ్రి నోటికి అప్పగిస్తుంది. మన దేశపు సొంత సిక్లిడ్ అయిన కరిమీన్ అసలు నోట పొదగదు. గట్టి చోట గుడ్లు అంటించి తల్లీతండ్రీ ఇద్దరూ కాపలా కాస్తారు. కాబట్టి నోటి సాక్ష్యం చెల్లాలంటే ముందు జాతి పేరు కచ్చితంగా తెలియాలి. ఇది వాదానికి పెద్ద లోటేమీ కాదు. మలావీ చేపలు కొనేవారికి ఆ పేరు ఎలాగూ తెలుస్తుంది, అక్కడ పొదిగేది తల్లే. 1952లో మన దేశానికి తెచ్చిన మొజాంబిక్ తిలాపియాలోనూ అంతే. మన చెరువులను, రిజర్వాయర్లను ఆ చేప అంత సులువుగా ఆక్రమించడానికి తల్లి నోట్లో భద్రంగా పెరిగిన పిల్లలు ఒక ముఖ్య కారణం. చేపల రైతుకు అదే పెద్ద చిక్కు. పొదిగే తల్లి తినదు, పెరగదు, చెరువు చిన్న పిల్లలతో నిండిపోతుంది. అందుకే తిలాపియా సాగులో పిల్ల దశలోనే మూడు నాలుగు వారాలు హార్మోను కలిపిన మేత పెట్టి అన్నింటినీ మగవిగా మార్చడం చాలా దేశాల్లో వాడుకలో ఉంది. నైలు తిలాపియాలో మగతనాన్ని నిర్ణయించే జన్యువును 2015లో గుర్తించారు. అయినా పసిదశలో నీరు 36 డిగ్రీల దాకా వేడెక్కితే ఆడగా పుట్టాల్సినవి కూడా కొన్ని మగవైపోతాయి.

అదే హార్మోను ఆక్వేరియం వ్యాపారంలో ఇంకో పనికి వాడుతున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. పీకాక్ సిక్లిడ్లలో ఆడవి బూడిదరంగువి, పిల్లలూ అంతే. ఆ రంగులో ఉంటే ఎవరూ కొనరని మేతలో మగ హార్మోను కలిపి, రెండంగుళాల చేపకు, ఆడదానికి సైతం, మగ రంగు తెప్పిస్తారు. ఇంటికి తెచ్చిన కొన్ని వారాలకు ఆ రంగు దిగిపోతుంది. ఆ ఆడచేపల గుడ్లు పెట్టే శక్తి దెబ్బతినొచ్చు. తొట్టెలో అన్ని చేపలూ, అంత చిన్నవే, ఒక్కలా మెరుస్తుంటే అనుమానించాలి. రంగును లింగంగా, లింగాన్ని ధరగా చదివే కొనుగోలుదారుడు ఉన్నంత కాలం ఈ మోసం నడుస్తుంది.

అయితే ఏం చేయాలి? ఎనిమిది పది పిల్లలను కొని, రాళ్లతో దాక్కునే చోట్లు కల్పించి, ఎదిగేదాకా ఆగడమే నేను చెప్పేది. ఆగితే అదనపు మగవి కొట్టుకుని చస్తాయి కదా అనే మాటలో నిజం ఉంది. ఆగడమంటే కళ్లు మూసుకుని కూర్చోవడం కాదు. రెక్కలు చిరిగి, నీటిపైభాగంలో మూలన నక్కిన చేప కనిపించగానే దాన్ని వేరుచేయాలి. అది ఓడిపోయిన మగది అయ్యే అవకాశమే ఎక్కువ. మొదటి సారి నోరు నిండిన చేపను గుర్తుపెట్టుకుంటే లెక్క మొదలవుతుంది. ఏడాదిలోపు ఎవరెవరన్నది అవే చెప్పేస్తాయి.

అలా నోరు నిండిన తల్లి దొరికాక దాని పిల్లలను కాపాడుకోవడంలో చాలామంది తొందరపడతారు. తొట్టిలో పిల్లలను మిగతా చేపలు తినేస్తాయని, పది పన్నెండు రోజులకే తల్లిని పట్టి దవడ తెరిచి పిల్లలను బయటికి రాబడతారు. పిల్లల సంఖ్య ముఖ్యమైన వ్యాపారికి అందులో లాభం ఉంది. ఇంట్లో పెంచుకునేవారికి పద్దెనిమిదో రోజు దాటాక, రాత్రిపూట దీపం ఆర్పి తల్లిని నెమ్మదిగా వేరే తొట్టెలోకి మార్చడం చాలు. భయపడితే తల్లి గుడ్లను ఉమ్మేస్తుంది లేదా మింగేస్తుంది. మింగడం భయంతోనే జరగదు కూడా. 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో పొదిగే బర్టోనీ తల్లుల్లో చాలావరకు తమ పిల్లల్లో కొన్నింటిని తినేసినట్టు కనబడింది. ఆకలితో ఒంట్లో జరిగే నష్టాన్ని పూడ్చుకోవడానికేనని పరిశోధకులు భావించారు. నోట పొదగడం తల్లి ఒంటికి అంత భారం. పిల్లలను వదిలాక తల్లిని వెంటనే పెద్ద తొట్టిలోకి తోసేయకుండా నాలుగైదు రోజులు విడిగా మేపాలి అనడానికి కారణం ఇదే.

ఆ నోటిని నమ్మి మోసం చేసే చేప కూడా ఒకటుంది. మన ఊళ్లలో కోకిల కాకిగూట్లో గుడ్డు పెట్టడం అందరికీ తెలుసు. టాంగన్యీకాలో మచ్చల జెల్ల ఒకటి, సిక్లిడ్లు గుడ్లు పెట్టే సమయానికి మధ్యలోకి దూరి తన గుడ్లను జారవిడుస్తుంది. కంగారులో తల్లి వాటినీ నోట్లోకి తీసుకుంటుంది. జెల్ల పిల్లలు ముందు పిగిలి, అదే నోట్లో తల్లి సొంత పిల్లలను తిని పెరుగుతాయి. 1986లో జపాన్ శాస్త్రవేత్త టెట్సు సాటో దీన్ని బయటపెట్టారు. మరోపక్క అదే సరస్సులోని ట్రోఫియస్ తల్లిది ఇంకో తీరు. దాదాపు నెల రోజులు, పది పదిహేను పిల్లలను నోట్లో పెట్టుకుని తిరుగుతూ, అది రాళ్ల మీది నాచును కొరుకుతూనే ఉంటుంది. గొంతులోకి పోవాల్సిన ఆ నాచులో చాలాభాగం నోట్లో ఉన్న పిల్లలే తింటాయి. ఆడామగా ఒకే రంగులో ఉండే ఆ జాతిలో, నాచు కొరుకుతూ కూడా గొంతు ఉబ్బి, దవడ మెల్లగా కదులుతున్న చేప కనిపిస్తే, అది తల్లి.